మసక తెలుపు

పదకొండింటికి పిలుస్తామన్నారు. పదకొండూ పది అయింది. సమావేశం గది బయట వరుసగా వేసిన నాలుగు కుర్చీల్లో చివరిదాంట్లో ఆమె కూర్చుని ఉంది. చేతిలో ఏ కాగితమూ లేదు. ఉన్న కాగితాలన్నీ లోపల బల్లమీద ఉన్నాయి, ఆమె కోపమంతా ఆ కాగితాల మీదే. ఇరవై రెండు వరుసలు. నల్ల సిరాతో, ఒకదానికింద ఒకటి, మాస్టారు చెప్పినట్టు నిలబడ్డ బడిపిల్లల్లా. రెండో గొట్టం, పీడనం హద్దు దాటింది. రెండో గొట్టం, పీడనం హద్దు దాటింది. నిమిషానికొకటి చొప్పున ఇరవై రెండు. చూసినవాళ్ళెవరైనా ఏమంటారు? ఇంత విడమరిచి రాసుంటే ఆ మనిషి కళ్ళెక్కడ పెట్టుకున్నాడంటారు. పదకొండు రోజులుగా ఈ పాల ఫ్యాక్టరీలో గేటు కాపలావాడి దగ్గర్నుంచి లెక్కల గుమాస్తా దాకా అదే మాట. బాయిలర్ గదిలో పద్దెనిమిదేళ్ళు నిలబడ్డ మనిషి, చిన్నా పెద్దా అందరూ బాబాయ్ అని పిలిచే మనిషి, ఎడమ చెయ్యి మోచేతి నుంచి వేళ్ళదాకా ఆవిరికి ఉడికిపోయిన మనిషి, అజాగ్రత్తగా ఉన్నాడట. కాగితం చెబుతోందట. కాగితానికి రంగుండదు. ఆ సంగతి ఈ భవనం మొత్తంలో ఇద్దరికే తెలుసు. ఒకరు ఆమె. రెండోవాడు మేనేజరు, ఇప్పుడు లోపల కూర్చుని, విచారణకొచ్చిన ఇంజనీరమ్మకి ఫ్యాను గాలి తగులుతోందా లేదా అని కనుక్కుంటున్నాడు.

అతని నవ్వు తలుపు దాటి వచ్చింది. ఎవరో ఏదో అన్నదానికి మర్యాదగా నవ్వే నవ్వు, కొలిచి పోసినట్టుంటుంది, ఒక్క బొట్టు ఎక్కువ రాదు. మూలనున్న మంచినీళ్ళ యంత్రం గుడగుడమంది. లేచి నీళ్ళు తాగుదామనుకుంది, లేవలేదు. లేస్తే మొహం చూసి అటుగా పోయేవాళ్ళు భయమనుకుంటారు. భయం కాదు. పళ్ళు కొరుక్కునే కోపం. ఇంత కోపం ఇంతకాలం ఎక్కడ దాక్కుందో ఆమెకే తెలియదు. ఇంట్లో గొంతు పెంచని మనిషి ఆమె, ఆఫీసులో ఎవరేమన్నా సరేనండీ అనే మనిషి. సరేనండీ. ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు నాలుక చేదెక్కుతోంది. అన్నీ ఆ మాటతోనే మొదలయ్యాయి.

కాదు, మొదలైంది దానితో కాదు. మొదలైంది బాబాయ్ కళ్ళద్దాలతో. రెండేళ్ళ కిందట ఆమె బాయిలర్ మీటర్ల అంకెల్ని తెరమీద చూపించే ప్రోగ్రాం రాసింది. అప్పటికి బాయిలర్ గదిలో ఉన్న కంప్యూటరు ఆమె కన్నా ముందే ఈ ఫ్యాక్టరీలో చేరింది. బొమ్మలు, బటన్లు, డయల్ ముళ్ళు తిరిగే అందమైన తెరలు దానివల్ల కావు. నల్ల తెర, దానిమీద అక్షరాలు, అంతే. ఏడు మీటర్ల నుంచి నిమిషానికి ఏడు వరుసలు వచ్చి పైకి జరిగిపోతూ ఉంటాయి. ప్రోగ్రాం బాగానే పనిచేసింది. ఆమె సంబరపడి చూపించబోతే బాబాయ్ గుమ్మంలోనే నిలబడి కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకున్నాడు, మళ్ళీ ఆవిరి పట్టింది. "అమ్మాయ్, ఈ గదిలో నాకు కళ్ళద్దాలు పెట్టుకుంటే ఆవిరి, తీస్తే మసక. ఈ చీమల్నన్నిటినీ నేను చదివేసరికి బాయిలరు తెల్లారుతుంది. చెడ్డ వార్త ఏదైనా ఉంటే దూరం నుంచి తెలిసేలా చెయ్యి. మంచి వార్త లేటుగా తెలిసినా పర్లేదు" అన్నాడు. చదువుకున్నవాళ్ళెవరూ ఆమెకు అంత సూటిగా పని చెప్పలేదు.

ఆ వారమంతా రంగులతోనే గడిచింది. నల్ల తెర మీద అక్షరానికి రంగు పూయడం చాలా తేలిక, వింతగా కూడా ఉంటుంది. అక్షరాల ముందు ఒక రహస్య గుర్తు, ఒక చదరపు బ్రాకెట్, ఒక అంకె, ఒక ఎమ్. అంతే. ఆ గుర్తుల్ని తెర చదువుకుంటుంది గానీ మనిషికి చూపించదు. ముప్పై ఒకటి అంటే ఎరుపు, ముప్పై రెండు ఆకుపచ్చ. ముందు ఒకటి తగిలిస్తే దళసరి అక్షరం, రెండు తగిలిస్తే మసక. పని అయ్యాక సున్నా పెట్టి మామూలుకి తేవాలి. మొదటిరోజు ఆ సున్నా మరిచిపోయింది. ఒక్క హెచ్చరిక రాగానే దాని తరవాత వచ్చినవన్నీ ఎర్రబడిపోయాయి, గంటా నిమిషంతో సహా. బాబాయ్ గుమ్మంలోంచి చూసి, "ఇల్లంటుకుందా ఏమిటమ్మాయ్" అన్నాడు. సర్దింది. దళసరి ఎరుపు, ఒకటి, ముప్పై ఒకటి. పన్నెండడుగుల దూరం నుంచి, కళ్ళద్దాలు లేకుండా, ఆవిరిలోంచి కనపడాలి. ఆమె స్వయంగా కళ్ళు సగం మూసి గుమ్మంలో నిలబడి చూసింది. కనపడింది. ఆ రోజు నుంచి బాబాయ్ ఆమెని రంగులమ్మాయి అన్నాడు, అతను అన్నాక గదిలోవాళ్ళందరూ అన్నారు. ఆమెకు ఇష్టమైంది ఆ పేరు. ఉద్యోగంలో ఎవరూ ప్రేమగా పెట్టిన పేరు అదొక్కటే.

ఎరుపు కనపడగానే బాబాయ్ లేచివెళ్ళి రెండో గొట్టం చక్రాన్ని అర తిప్పు తిప్పేవాడు. బాయిలరుకైతే సేఫ్టీ వాల్వ్ ఉంది, పీడనం మితిమీరితే దానంతటదే తెరుచుకుంటుంది. గొట్టాల అతుకులకి అలాంటి దిక్కేమీ లేదు, వాటికి ఈ ఎర్ర వరుస, బాబాయ్ కుడి చెయ్యి, అంతే కాపలా. చక్రం తిప్పితే సీసాలు కడిగే విభాగానికి ఆవిరి తగ్గుతుంది, అక్కడ పని పది నిమిషాలు మందగిస్తుంది. రోజుకి అయిదారుసార్లు, ఒక్కోరోజు పదిసార్లు. ఇది ఆమెకు తెలుసు. ఇది తెలిసి కూడా, మేనేజరు పిలిచి కూర్చోమన్నప్పుడు ఎందుకు తట్టలేదు? తట్టలేదా, తట్టనివ్వలేదా? ఆపు. ముందు అతని సంగతి.

అతను ఎప్పుడూ కూర్చోమనడు. ఆరోజు కూర్చోమన్నాడు. "చూడమ్మా, నీ ప్రోగ్రాం బ్రహ్మాండం. ఒక్కటే చిన్న విషయం. వచ్చేనెల కొనుగోలుదారులు చూడ్డానికి వస్తున్నారు. నడవా వైపున్న బాయిలర్ గది అద్దంలోంచి ఆ తెర కనపడుతుంది. మాటమాటకీ ఎర్రగా వెలిగితే ఏమనుకుంటారు, ఇదేదో పేలిపోయే ఫ్యాక్టరీ అనుకుంటారు." హద్దు దాటుతోంది కాబట్టే ఎరుపండీ, అంది. అతను నొచ్చుకున్నట్టు మొహం పెట్టాడు. "నేనేమైనా అబద్ధం చెప్పమన్నానా? అంకె అంకెలాగే ఉండనీ. మాట మాటలాగే ఉండనీ. కాస్త రంగు తగ్గించమంటున్నా. అంతే కదా." అంతే కదా. పాము చావకూడదు, కర్ర విరగకూడదు. అబద్ధం ఒక్కటీ ఆడకుండా నిజాన్ని కనపడకుండా చెయ్యడానికి అతనికి పట్టింది మూడు నిమిషాలు, ఆమెకు పట్టింది అంతకన్నా తక్కువ. సరేనండీ అంది. తన బల్ల దగ్గరికి వచ్చి రంగుల పేర్లన్నీ ఒకచోట రాసుకున్న ఫైలు తెరిచింది. ఎంత పొందికగా రాసుకుందో, హెచ్చరిక రంగు అని ఒకేఒక్క వరుస, అక్కడ మారిస్తే అంతటా మారుతుంది. మంచి ప్రోగ్రామర్లు అలాగే రాస్తారట. ఒకటి, ముప్పై ఒకటి తీసేసి రెండు, ముప్పై ఏడు పెట్టింది. మసక తెలుపు. అసలు పసుపు పెట్టొచ్చు. దళసరి పసుపు పెట్టుంటే అతనికీ సరిపోయేది, బాబాయ్‌కీ కనపడేది. మసక తెలుపే ఎందుకు పెట్టింది? ఎందుకంటే చిరాకు. రంగు తగ్గించమన్నావు కదా, ఇదిగో, మొత్తం తగ్గించాను, తీసుకో. అతని మీది ఉక్రోషం అక్కడ చూపించింది, అతనికి తగలని చోట. అది ఎవరికి తగులుతుందో ఆలోచించలేదు. ఏం మార్చారో రాయాల్సిన చోట రంగు సవరణ అని రాసింది. పక్కన తన పేరు దానంతటదే పడింది. అతని పేరు ఎక్కడా లేదు. అతను కాగితం మీద ఏదీ అడగడు, నోటితోనే అడుగుతాడు, కూర్చోబెట్టి.

తలుపు తెరుచుకుంది. ఆమె లేవబోయింది. ఆమె కోసం కాదు, గుమాస్తా ఖాళీ గ్లాసులు పట్టుకుని వెళ్ళాడు. ఆ సందులోంచి లోపలి బల్ల కనపడింది, బల్లమీద కాగితాల బొత్తి. మళ్ళీ ఆ కాగితాలు. ఫైల్లోకి పోయే నకలుకి రంగు గుర్తులు అంటకుండా తీసేసింది కూడా ఆమే, ఎందుకంటే మొదట్లో నెల నివేదిక అచ్చు వేస్తే అక్షరాల మధ్య బ్రాకెట్లూ అంకెలూ ఎమ్‌లూ చెత్తచెత్తగా వచ్చాయి, ఇదేం భాష అని అందరూ నవ్వారు. తెరకైతే రంగుతో, ఫైలుకైతే రంగు లేకుండా పంపేలా దిద్దింది. శుభ్రంగా వచ్చింది. ఎంత శుభ్రంగా అంటే, తెర మీద కళ్ళు చించుకున్నా ఆనని వరుస కాగితం మీద అందరు సాక్షుల్లాగే నిటారుగా నిలబడి బాబాయ్ మీద వేలు చూపిస్తోంది. ఎవరి చేతిపని అది? ఎటు చూసినా ఆమె చేతిపనే. చక్కటి చేతిపని.

నాన్న కూడా చక్కటి పనివాడే. దుకాణాలకి బోర్డులు రాసేవాడు. నిచ్చెన మీద ఆయన, కింద రంగు డబ్బా పట్టుకుని ఆమె, టర్పెంటైన్ వాసన. అక్షరం నలభై అడుగుల నుంచి పిలవాలే, దగ్గరికొచ్చాక పలకరించడం కాదు, అనేవాడు. ఒకసారి ఓ బట్టల దుకాణంవాడు పెద్దపెద్ద అక్షరాలతో తగ్గింపు అమ్మకం అని రాయించి, అడుగున చీపురుపుల్లంత సన్నంగా, గోడ రంగులో కలిసిపోయే బూడిద రంగుతో, అమ్మిన సరుకు వెనక్కి తీసుకోబడదు అని రాయమన్నాడు. నాన్న ఒప్పుకోడనుకుంది. పదేళ్ళది అప్పుడు, నాన్న అంటే కొండ. నాన్న నిచ్చెన దిగి, సన్న కుంచె వెతుక్కుని, రాశాడు. ఎందుకు నాన్నా, ఎవరికీ కనపడదుగా అంటే, "చదవాలనుకున్నవాడు చదువుకుంటాడులే" అన్నాడు, ఆమె మొహంకేసి చూడకుండా. ఎంత కోపం వచ్చిందో అప్పుడు. ఇప్పుడు అదే కోపం, ఇరవై అయిదేళ్ళు నిలవున్నది, ఇంకా ఘాటుగా. చదవాలనుకున్నవాడు చదువుకుంటాడట. కళ్ళద్దాలకి ఆవిరి పట్టినవాడు? అంకెల్ని నమ్ముకోలేక రంగుని నమ్ముకున్నవాడు?

పదకొండు రోజుల కిందట గొట్టం పేలిన చప్పుడు ఆమె విన్నది. పై అంతస్తులో కూర్చుని, ఏదో లారీ టైరు అనుకుంది. తరవాత కేకలు, మెట్లమీద పరుగులు. రెండో గొట్టం అతుకు విడిపోయింది, ఆవిరి చిమ్మింది, బాబాయ్ మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు కాబట్టి కళ్ళు దక్కాయి. సాయంత్రం ఫైలు తీసి చూసి, ఇరవై రెండు వరుసలూ లెక్కపెట్టి, బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని నిలబడింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అన్న సామెత మనసులోకొచ్చింది, వచ్చినందుకు తన చెంప తనే వాయించుకోవాలనిపించింది. ఆ రాత్రికి రాత్రే ఎరుపు మళ్ళీ పెట్టేసింది. ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు. ఆ మసక ఉన్నది మూడు వారాలు, ఆ మూడు వారాల్లో సీసాల విభాగం ఒక్కసారి కూడా మందగించలేదని నోటీసు బోర్డులో అభినందన. అది చదివినప్పుడు తట్టింది. కొనుగోలుదారులు వచ్చి అద్దంలోంచి చూసింది అయిదు నిమిషాలు. మిగతా ఇరవై రోజులు ఎవరి కోసం? ఎరుపు కనపడకపోతే బాబాయ్ లేవడు. బాబాయ్ లేవకపోతే చక్రం తిరగదు. అది అతను అనుకునే అడిగాడా, అనుకోకుండా కలిసొచ్చిందా, ఆ తేడా తేల్చే కాగితం ఏ బల్లమీదా లేదు.

పొద్దున బయల్దేరుతుంటే మొగుడు చెప్పులు వేసుకుంటూ, "అడిగినదానికి జవాబు చెప్పు, అడగనిదానికి చెప్పకు. మనకెందుకు లేనిపోనివి" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. ఆ ప్రేమ మీద కూడా కోపం వచ్చింది. ఈ ఊళ్ళో ప్రతివాడూ తన నోరు ప్రేమగానే మూయిస్తాడు.

మేనేజరు బయటికి వచ్చాడు. వెనక తలుపు నెమ్మదిగా మూసి, ఆమె పక్క కుర్చీలో కాకుండా ఒకటి వదిలి కూర్చున్నాడు. "కంగారుపడకు. ఒకటే ప్రశ్న అడుగుతారు, హెచ్చరిక తెరమీద వచ్చిందా లేదా అని. వచ్చింది. నిజమే కదా?"

"నిజమే."

"అంతే మరి. నీ ప్రోగ్రాంలో తప్పులేదని నేను ముందే చెప్పాను. నీ పేరు మీద మచ్చ పడనివ్వను." కాస్త ఆగి, గొంతు తగ్గించి, "ఆ మార్పు కింద ఉన్నది నీ పేరొక్కటే, ఆ సంగతి గుర్తుపెట్టుకో. నీ మంచికే చెబుతున్నా" అన్నాడు.

ఆమె అతని చేతులకేసి చూసింది. శుభ్రమైన గోళ్ళు, గడియారం. రెండు చేతులూ బాగానే ఉన్నాయి. "బాబాయ్‌ని ఏం చేస్తారు?" అంది.

"పాపం పెద్దవాడు. పంపించేస్తారు, ఏం చేస్తారు. చూసుకోవాల్సింది కదా."

లోపల్నుంచి పిలిచారు. ఆమె లేచింది. మేనేజరూ వెనకే వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు.

ఇంజనీరమ్మకి అరవై దగ్గర్లో ఉంటాయి, పొట్టి జుట్టు, పెన్ను మూత పళ్ళతో పట్టుకుని రాస్తుంది. బల్లకి అటువైపు బాబాయ్ కూర్చుని ఉన్నాడు, కట్టుకట్టిన చెయ్యి దిండులాంటి దాని మీద పెట్టుకుని. ఆయన లోపల ఉన్నాడని ఆమెకి తెలియదు. పదకొండు రోజుల్లో ఒక్కసారీ చూడ్డానికి వెళ్ళలేదు. ఆయన తలెత్తి చూశాడు. ఇంజనీరమ్మ కాగితం ఇటు తిప్పి, "ఈ ఇరవై రెండు హెచ్చరికలూ బాయిలర్ గది తెరమీద కూడా వచ్చాయా?" అని అడిగింది.

"వచ్చాయండీ." మేనేజరు కుర్చీలో వెనక్కి వాలిన చప్పుడు వినపడింది. "వచ్చాయి గానీ కనపడేలా రాలేదు. ఎర్రగా రావాల్సినవి. వాటిని నేను మసక తెలుపు చేశాను. కాగితం మీద రంగు పడదు కాబట్టి మీకు తెలియదు."

"ఎవరు చెయ్యమన్నారు?"

"రంగు తగ్గించమన్నది ఈయన. అంత తగ్గించింది నేను."

మేనేజరు నవ్వాడు, అదే కొలత నవ్వు. రంగు గురించి ఏదో మాటవరసకి అన్నాననీ, కనపడకుండా చెయ్యమని ఎవరైనా అంటారా అనీ, మసకైనా అక్షరమే కదా, దగ్గరికెళ్ళి చూస్తే కనపడుతుంది కదా అనీ అన్నాడు. ఆమె ఇంజనీరమ్మకేసి తిరిగింది. "ఆ గదికి వెళదామండీ. ఆ రోజు ఎలా ఉందో అలాగే పెట్టి చూపిస్తాను" అంది.

వెళ్ళారు, నలుగురూ. కొత్త అతుకు వేసిన గొట్టం, పక్క గోడ మీద ఇంకా ఆరని చెమ్మ మరక. ఆమె పాత వరుసని మళ్ళీ టైపు చేసింది, రెండు, ముప్పై ఏడు. ఆరోజు ఫైల్లోని అంకెల్నే ప్రోగ్రాంకి అందించింది. ఏడేసి వరుసలు వచ్చి పైకి జరగడం మొదలెట్టాయి. ఇంజనీరమ్మ గుమ్మంలో నిలబడి కళ్ళద్దాలు తుడుచుకుని పెట్టుకుంది, ఆవిరి పట్టింది, మళ్ళీ తుడుచుకుంది. ఒక నిమిషం. రెండు. మూడు. "మొదలెట్టారా?" అని అడిగింది.

"మూడు హెచ్చరికలు వచ్చి వెళ్ళిపోయాయండీ" అంది ఆమె.

ఇంజనీరమ్మ మేనేజరుకేసి తిరిగి, "మీరిక్కడికొచ్చి నిలబడి చదవండి" అంది. అతను వచ్చి నిలబడ్డాడు. కళ్ళు చికిలించాడు. ఎండ పడుతోందండీ అన్నాడు. ఆ గదికి కిటికీ లేదు.

మధ్యాహ్నానికి తేలింది. బాబాయ్ మీద రాసిన అజాగ్రత్త అన్న మాట కొట్టేశారు, ఉద్యోగం ఉంటుంది. మేనేజరుని రాతపూర్వకంగా వివరణ ఇమ్మన్నారు, ఇస్తాడు, అతనికి మాటలు కరువా. ఆమెని ఈ ప్రోగ్రాం ముట్టుకోవద్దన్నారు, తుది నిర్ణయం వచ్చేదాకా ఇంటి దగ్గరే ఉండమన్నారు. అది విన్నప్పుడు కూడా ఆమెకి తేలికైనట్టే అనిపించింది. బ్యాగు సర్దుకుని కిందికి వచ్చేసరికి గేటు దగ్గర నీడలో బాబాయ్ నిలబడి ఉన్నాడు, కొడుకు బండి కోసం కాబోలు. ఆయన పిలుస్తాడని, రంగులమ్మాయి అంటాడని, ఏదో ఒక మంచిమాట అంటాడని ఆశపడుతోందని ఆ నాలుగడుగులు వేస్తున్నప్పుడే ఆమెకి అర్థమైంది. సిగ్గేసింది.

"బాబాయ్, నన్ను..." అంది.

"నిజం చెప్పావు. బాగుంది" అన్నాడాయన. గొంతు పెంచలేదు. "ఆయన అడిగాడు, నువ్వు మార్చావు. పై వాళ్ళు అడిగితే ఎవరైనా మారుస్తారు, నేను కాదన్ను. పద్దెనిమిదేళ్ళుగా చూస్తున్నా, నాకూ తెలుసు. నాకొక్క మాట చెప్పుంటే నేను దగ్గరికెళ్ళి చూసుకునేవాణ్ణి. గంటకి అరవైసార్లైనా లేచేవాణ్ణి."

ఆమె నోరు తెరిచింది. ఆయన మంచి చెయ్యి ఎత్తి ఆపాడు.

"మెట్లమీద నేనే అడిగాను నిన్ను. నాలుగురోజులుగా ఎరుపు రావట్లేదమ్మాయ్, గొట్టం బాగుచేయించావా ఏమిటి అని. నువ్వు నవ్వి వెళ్ళిపోయావు. చేయించావనుకున్నా. ఇంటికెళ్ళి మా ఆవిడతో కూడా చెప్పా, ఆ పిల్ల ఉంది కాబట్టి గొట్టానికి బాగుపడే రాత పట్టిందని."

ఆమె వెతికింది. మెట్లు, ఆ వారం, ఆ రోజు, ఎవరికి నవ్విందో, ఎందుకు నవ్విందో. ఏమీ లేదు. చేతిలో ఫోను ఉండుంటుంది, బడి నుంచి కూతుర్ని తీసుకురావాల్సిన టైమై ఉంటుంది, ఆయన మాట విని ఉండదు, లేదా విని ఉంటుంది. గుర్తు లేదు. ఆయనకి గుర్తుంది. పొద్దుట్నుంచీ ఒంట్లో కుతకుతలాడుతున్న కోపం అంతా ఒక్కసారి ఎటు పోవాలో తెలియక నిలబడిపోయింది.

బండి వచ్చి ఆగింది. ఒంటి చేత్తో బండి వెనక ఎక్కడానికి ఆయన తంటాలు పడుతుంటే ఆమె ముందుకెళ్ళి మోచెయ్యి పట్టుకోబోయింది.

"వద్దమ్మా" అన్నాడాయన. రెండోసారికి ఎక్కి కూర్చున్నాడు. కొడుకు బండి తిప్పాడు.